చేపల చెరువులో ఉన్నవీ నీళ్ళే కదా, పక్షులకి కొల్లేరే ఎందుకు?

శీలావతి_కట్ల
సూటిగా అడుగుతున్నా, ఎవరూ మీద పడొద్దు. కైకలూరు చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. వాటి నిండా నీళ్ళు, నీళ్ళ నిండా చేపలు. మొన్న మండవల్లి వైపు ఒక చెరువు కొంగలతో తెల్లగా నిండిపోయిన ఫొటో వాట్సాప్‌లో తిరిగింది, మీరూ చూసే ఉంటారు. ఇంత మేత కళ్ళెదురుగా ఉంటే, అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా కొల్లేరుని ఖాళీగా ఉంచకపోతే పక్షులు రావనడం ఏం లెక్క? వేసవిలో నెర్రెలిచ్చే కొల్లేరు కంటే ఏడాదంతా నిండుగా ఉండే చెరువే నయం కదా పిట్టకి? అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదిస్తే కొంప మునిగేదేముంది?

దుర్భిణి
ఆ ఫొటో పెద్దది చేసి ఇంకోసారి చూడండి. గట్టు లోపలి వైపు తడి చార నీటి మట్టానికి నాలుగడుగుల పైన ఉంది. మేత సంచులు కట్టే వెదుళ్ళు మొదలంటా బయటికి కనిపిస్తున్నాయి. మూలన ఇంజను గొట్టం ఉంది. అది పట్టుబడి (చేపలు పట్టేయడం) అయిపోయి నీళ్ళు తోడేసిన చెరువు. అడుగున మిగిలిన పరిగెలు, నత్తలు, పురుగుల కోసం దిగాయి అవన్నీ. రెండు మూడు రోజుల్లో మేత అయిపోతుంది, బురద ఆరుతుంది, ఒక్కటి కూడా మిగలదు. అదే చెరువుని నిండా ఉన్నప్పుడు ఫొటో తీసి పెట్టండి, మధ్యలో నాలుగు నీటికాకులు, గట్టు మీద ఒక నారాయణపక్షి, అంతే.

పిట్టకి కావలసింది నీళ్ళు కాదు, లోతు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే లోతు లేకపోవడం.

శీలావతి_కట్ల
నీటి పక్షికి లోతు లేకపోవడం కావాలా? బాగుందండీ.

బెత్తెడు_నీళ్ళు
పేరులోనే సమాధానం పెట్టుకుని తిరుగుతున్నా, నన్నడగండి.

బురదలో మేసే ఉల్లంకి పిట్టల్లో చిన్నవాటికి కాలే రెండంగుళాలుండదు. తడి బురద నుంచి బెత్తెడు లోపు నీళ్ళలోనే వాటి బతుకు. నల్లతోక గాడ్విట్ లాంటి పొడుగు కాళ్ళవి బెత్తెడు దాటి జానెడు దాకా దిగుతాయి. సూదితోక బాతు, చెంచామూతి బాతు ఈదుతాయి గానీ మునగవు. తల ముంచి తోక పైకెత్తి అడుగున ఉన్న గింజ ఏరుకుంటాయి, కాబట్టి జానెడు, మహా అయితే మూరెడు లోపు. ఎర్రకాళ్ళ కొంగ ముక్కు సగం తెరిచి నీళ్ళలో అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కంటితో వెతకదు, ముక్కుకి తగిలిన చేపని టక్కున మూస్తుంది. నడవాలంటే కాళ్ళు ఆనాలి. మూరెడు దాటితే దానికి పని లేదు.

మీ చెరువు లోతెంత? అయిదారడుగులు. గట్టు లోపలి వాలు ఒకటికి రెండు అనుకుందాం. జానెడు లోపు నీళ్ళుండే పట్టీ వెడల్పు మూరెడు కూడా రాదు, 40 సెంటీమీటర్లు. 200 మీటర్లకి 200 మీటర్ల చెరువు, అంటే దాదాపు పదెకరాలు. చుట్టుకొలత 800 మీటర్లు. గుణించండి: 320 చదరపు మీటర్లు. పదెకరాల చెరువులో పిట్ట కాలు ఆనే చోటు ఎనిమిది సెంట్లు! ఆ ఎనిమిది సెంట్ల మీద కుక్కలు, మనుషులు, మోటారు సైకిళ్ళు.

తాటిదోనె
😂 ఎనిమిది సెంట్లలో ఇల్లు కట్టుకోవచ్చు గానీ వలస బాతుల్ని దింపలేం.

గేజి_మనిషి
కాంటూరు సంగతి కూడా ఇదే లెక్కలో చూడండి, రాజకీయం తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇక్కడ కాంటూరు అంటే సముద్ర మట్టానికి పైన అడుగుల్లో. మూడో కాంటూరు లోపల సుమారు 135 చదరపు కిలోమీటర్లు, అయిదో కాంటూరు లోపల 308. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఈ 308నే. 2002 ఆగస్టులో రామ్‌సార్ (అంతర్జాతీయ చిత్తడి నేలల) జాబితాలో చేరింది పదో కాంటూరు దాకా, 901 చదరపు కిలోమీటర్లు.

మూడుకీ అయిదుకీ మధ్య 173 చదరపు కిలోమీటర్ల నేల, మట్టంలో తేడా రెండే అడుగులు. అంటే దాదాపు పళ్ళెం. కొల్లేరు అయిదు మీద ఉన్నప్పుడు ఆ పట్టీలో ఎక్కడ దిగినా సున్నా నుంచి రెండడుగుల లోపు. వర్షాలు వెనకబట్టాక మట్టం అంగుళం దిగితే నీటి అంచు వందల గజాలు వెనక్కి జరుగుతుంది, తాజా బురద బయటపడుతుంది. సరిగ్గా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులున్న రోజుల్లో ఈ అంచు రోజూ కదులుతూ కొత్త కంచం పరుస్తుంది. మూడుకి కుదిస్తే పోయేది సరస్సు అంచు కాదు, ఆ కంచమే. మిగిలే మూడో కాంటూరు లోపలి భాగమే కాస్త లోతైనది.

శీలావతి_కట్ల
సరే, లోతు లెక్క ఒప్పుకున్నా. గూడబాతుల (పెలికాన్ల) మాటేంటి మరి? ఆటపాక పక్షుల కేంద్రంలో ఉన్నవి మా చెరువుల్లో తిని బతకడం లేదా?

దుర్భిణి
తింటున్నాయి, కాదనను. గూడబాతు ఈదుతూ సంచిమూతితో పైపై నీళ్ళని ముంచి తీస్తుంది, దానికి కాలు ఆనక్కర్లేదు. నీటికాకి మునుగుతుంది. చెరువుల వల్ల నష్టపోనివి ఇలాంటి రెండు మూడు రకాలే. అవి పెద్దవి, కనిపిస్తాయి, ఫొటోకి బాగుంటాయి. అవి ఉన్నాయి కాబట్టి అంతా బాగుందనుకుంటే ఎట్లా. బాతులకి కావలసిన తుంగ గింజ, కలువ దుంప మీ చెరువులో ఉండవు. ఉంటే మీరే పీకించేస్తారు. చేపపిల్ల వదిలే ముందు ఇప్పచెక్కో (ఇప్పగింజల పిండి) బ్లీచింగో కొట్టి కలుపు చేప, అంటే పెంచనిది దానంతట అదే చేరినది, అంతా చంపుతారు. ఎర్రకాళ్ళ కొంగ తినేది ఆ కలుపు చేపనే.

గూడబాతు కథ కూడా అంత సాఫీ కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేరు దగ్గర గుర్తించిన గూళ్ళ కాలనీలో దాదాపు 3,000 పక్షులు ఉండేవి. 1970ల నడిమికి ఆ కాలనీ లేదు.

నల్లతుమ్మ
ఆటపాక మాట వచ్చింది కాబట్టి ఇనుప స్టాండ్ల గురించి. గూళ్ళున్న చెట్టు రెట్టతోనే చస్తుంది. ఆకు మాడుతుంది, కింద నేలలో ఉప్పు, నత్రజని మితిమీరతాయి, కొమ్మలు పుల్లల కోసం విరుస్తాయి, ఏళ్ళ తరబడి వేళ్ళు నీళ్ళలో నానుతాయి. తుమ్మచెట్లు పోయిన చోట స్టాండ్లు పెట్టడం తాత్కాలికంగా పనిచేసింది, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ రెండూ వాటి మీద గూళ్ళు పెట్టాయి. కానీ స్టాండు చెట్టు కాదు.

ఎక్కడ దెబ్బ తింటుందంటే: నీటి గీత దగ్గర తుప్పు. అడుగున బాగుంటుంది, పైన బాగుంటుంది, తడీ పొడీ ఆడే ఆ జానెడు ముక్క తినేసి గాలికి పక్కకి ఒరుగుతుంది. సీజను మొదలుకాక ముందే ప్రతి కాలునీ అక్కడ సుత్తితో తట్టి చూడాలి. రెండోది నీడ. గూడబాతు పొదిగేది నెల రోజులు, పిల్ల గూట్లోనో దగ్గర్లోనో ఉండేది మూడు నుంచి అయిదు నెలలు. మార్చి దాటితే ఇనుము కాలుతుంది. జల్లెడ మీద పుల్లలు మందంగా లేకపోతే పిల్ల మాడుతుంది. అందుకే ఎండు కొమ్మలు, కంప దగ్గర్లో పోగు పెట్టాలి, అవే ఎత్తుకుపోతాయి. స్టాండు మీద పేర్చి పెట్టకండి, వాటికి నచ్చదు, దొర్లించేస్తాయి.

కిక్కిస
స్టాండ్లు పెట్టి చెట్లు నాటడం మానేస్తే పదేళ్ళకి మళ్ళీ ఇదే గోల. తుమ్మ, కడప మొక్కలు ఇప్పుడే మట్టి దిబ్బల మీద పెట్టాలి. దిబ్బ ఎత్తు నిండు మట్టానికి అడుగున్నర పైన. కాలనీ ఉన్నచోట కాదు, పక్క గుంటలో. ఇక్కడ చచ్చేసరికి అక్కడివి ఎదిగి ఉండాలి.

నల్లతుమ్మ
+1. వంతులవారీ.

శీలావతి_కట్ల
నా చెరువు గూడబాతులకి అన్నదాన సత్రమా అని కూడా అడగాలి కదా. చేపపిల్లల్ని పెంచే పిల్ల చెరువుల్లో దిగితే నష్టం రైతుకే. టపాకాయలు కాలుస్తున్నాం, వల కప్పుతున్నాం, దానికీ తప్పుపడతారు.

బెత్తెడు_నీళ్ళు
టపాకాయకి నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. అలవాటు పడేదాకా మీరు చేస్తున్నది మీ గుంపుని పక్కాయన చెరువుకి తోలడం. ఆయనా కాలుస్తాడు, మళ్ళీ మీకే.

పనిచేసేది: పిల్ల చెరువు చిన్నదే కాబట్టి దాని మీదే తీగలు లాగండి. బరువైన పక్షి దిగాలన్నా లేవాలన్నా నీటి మీద పరుగు దూరం కావాలి, తీగలు అది చెడగొడతాయి. మనిషి తల తగలని ఎత్తులో, రెండు మూడు గజాలకొకటి, మెరిసే రిబ్బను ముక్కలు కట్టి. మందపాటి రంగు నైలాన్ తాడే వాడండి. తంగూస (సన్నటి నైలాన్ దారం) వల మాత్రం వద్దు, అది నీళ్ళ మీద కనిపించదు. చిక్కుకున్న పక్షి తన్నుకుంటూ తిరిగేసరికి వల మెలిపడి రెక్క మూలం దగ్గర కోస్తుంది, తీసి వదిలినా ఎగరదు. పెద్ద చేప చెరువులకి ఏమీ అక్కర్లేదు. పావుకిలో దాటిన శీలావతి చేప చిన్న నీటికాకి గొంతులో పట్టదు.

తాటిదోనె
పట్టదని దానికి తెలియక ప్రయత్నించి ఊపిరాడక చచ్చే నీటికాకులూ ఉంటాయి, ఆశబోతులు అన్ని జాతుల్లోనూ.

బుడమేరు_బాబాయ్
అందరూ లోతు లోతు అంటున్నారు, లోతుని నడిపేది నీళ్ళ రాకపోకలు. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా కాలవలూ డ్రైన్లూ అన్నీ లోపలికే. బయటికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లకి పైగా మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. కొల్లేరు అడుగు దాదాపు సముద్ర మట్టంలో ఉంది కాబట్టి వాలు లేనట్టే. పోటు వస్తే నీళ్ళు ఆగుతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి చేరింది ఇక్కడికే. రావడం గంటల్లో, పోవడం వారాల్లో.

దారిలో పెదఎడ్లగాడి వంతెన ఖానాల (నీళ్ళు పోయే కంతల) దగ్గర గుర్రపుడెక్క మేట వేసి పైన మట్టం పెరుగుతుంది. ఏటా వరద వచ్చాక ప్రొక్లెయినర్ తెచ్చి లాగుతారు. వచ్చాక లాగితే ఏం లాభం?

కిక్కిస
గుర్రపుడెక్క నా సబ్జెక్టు. రెండు వారాల్లో రెట్టింపవుతుంది అనేది అందరికీ తెలిసిందే. దాని అర్థం మాత్రం ఎవరూ తీసుకోరు: నూటికి తొంభై తీసేసి పది వదిలేస్తే రెండు నెలల్లోపే మొదటికి వస్తుంది. అందుకని అక్కడక్కడా గీకడం కంటే ఒక కాలవ పూర్తిగా శుభ్రం చేసి పైన వెదురు బొంగుల తెప్ప అడ్డంగా కట్టడం మేలు.

1. మే, జూన్‌లో, నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు, పూత రాకముందు. పూస్తే గింజ బురదలో పదిహేనేళ్ళ పైన బతుకుతుంది.
2. ఎగువ నుంచి దిగువకి. కింద నుంచి మొదలుపెడితే పైది కొట్టుకొచ్చి మీ పని మీదే కూర్చుంటుంది.
3. తీసింది గట్టు అంచున పడేయొద్దు. నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే, రెండు రోజులు ఆరబెట్టి మోస్తే బరువు సగానికి పైగా తగ్గుతుంది. గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకి తిరిగి లోపలికి.
4. పేడ కలిపి పోగేస్తే ఎరువవుతుంది. పట్టణం డ్రైన్ల నోళ్ళ దగ్గర తీసినది మాత్రం కూరగాయలకి వద్దు, లోహాలు పీల్చుకుంటుంది.

కలుపు మందు కొట్టండి అనేవాళ్ళు ఇప్పుడు వస్తారు. కొడితే మొత్తం ఒకేసారి కుళ్ళి కింద పడుతుంది, నీళ్ళలో ప్రాణవాయువు అయిపోతుంది, తెల్లారేసరికి చేప తేలుతుంది.

దుర్భిణి
ఒక్క సవరణ. మొత్తం తీసేయకండి బాబూ. తామరాకుల మీద నడిచే జకానాలు, ఊదా జంబుకోళ్ళు ఆ తేలే చాప మీదా కిక్కిస (రెల్లులాంటి గడ్డి) దుబ్బుల్లోనూ గూళ్ళు పెడతాయి. కాలవలు, ఖానాలు, గేట్ల ముందు శుభ్రం చేసి, పక్కన మడుగుల్లో కిక్కిసని ముట్టుకోకుండా వదలాలి. వేసవిలో కిక్కిసకి నిప్పు పెట్టే అలవాటు ఒకటుంది, అది ముందు ఆగాలి.

గేజి_మనిషి
బాబాయ్ చెప్పిన ఉప్పుటేరు సమస్యకి విరుగుడు రెగ్యులేటర్లు (గేట్లున్న అడ్డుకట్టలు) అంటున్నారు. ఉప్పుటేరు మీద మూడు చోట్ల కట్టాలనే ప్రతిపాదన ఉంది. వేసవిలో ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆపుతుంది, నిజమే. నా భయం గేట్లు ఎవరు ఎప్పుడు ఎత్తుతారన్నదే. జనవరిలో నిండు మట్టం పట్టి ఉంచితే చెరువులకీ వరికీ బాగుంటుంది, పైన చెప్పిన 173 చదరపు కిలోమీటర్ల పళ్ళెం రెండడుగుల నీళ్ళ కింద ఉండిపోతుంది. సరస్సు నిండుగా ఉంది, పక్షులు మాత్రం లేవు అని పేపర్లో రాసుకోవాలి. వారానికి అంగుళం చొప్పున దించుతూ పోవాలి. ఒక్కసారిగా వదిలినా చెడ్డే, బురద ఎండి గట్టిపడి ముక్కు దిగదు.

తాటిదోనె
గేటు పూర్తిగా మూస్తే ఇంకో చిక్కు. నీలకంఠం రొయ్య గుడ్లతో కిందికి, ఉప్పు కలిసిన నీళ్ళకి పోవాలి, పిల్లలు మంచినీళ్ళకి ఎక్కిరావాలి. మలుగు పుట్టేది సముద్రంలో. గేటు కింద జానెడు సందు, అదీ ఆటు మొదలయ్యే వేళ, రాత్రిపూట వదిలితే చాలావరకు నడుస్తుంది. మావులు (చేపలు పట్టే బుట్టలు), వలకట్లు పెట్టే వడ్డీ కులపు జాలర్లకి బతుకుతెరువు ఈ రాకపోకలే. చేపల చెరువు రైతు బాధ అందరికీ వినిపిస్తుంది, మావు పెట్టేవాడిది వినిపించదు.

బుడమేరు_బాబాయ్
రెగ్యులేటర్ వద్దు అనడం సుళువు తాటిదోనె గారూ. మార్చిలో ఉప్పునీరు ఎక్కితే మంచినీటి చేపకీ, తాగునీటికీ, గేదెకీ దెబ్బే. కట్టాలి, కట్టి గేటు పట్టిక పక్షుల క్యాలెండరు చూసి రాయాలి.

తాటిదోనె
వద్దనలేదండీ, సందు వదలమన్నా. మళ్ళీ చదవండి.

ప్లస్_ఫైవ్
2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువులు కొట్టారు కదా, మరి పక్షులకి నేల ఎందుకు పూర్తిగా తిరిగి రాలేదు?

గేజి_మనిషి
గండి కొట్టడం వేరు, గట్టు తీయడం వేరు. చాలా చోట్ల గట్టుకి నాలుగైదు గండ్లు పెట్టి వదిలేశారు. మిగిలిన ముక్కలు పల్లంలో దిబ్బల్లా నిలబడి నీటి పారుదలని అడ్డుకున్నాయి, గుర్రపుడెక్కకి కొక్కేల్లా పట్టుకున్నాయి. తిరిగి చెరువు చేయాలంటే గండి పూడిస్తే చాలు, నాలుగు రోజుల పని. చాలా చోట్ల అదే జరిగింది.

సరిగ్గా చేయాలంటే గట్టు మట్టిని లోపలి గుంటలోకే తోయాలి. గట్టు కట్టింది ఆ గుంటలోంచి తీసిన మట్టితోనే, లెక్క సరిపోతుంది. గుంట పూడకపోతే గట్టు పోయినా లోపల అయిదడుగుల లోతు గాడి మిగులుతుంది, అందులో ఏ కొంగా నిలబడదు. పాత నేల మట్టానికి అరడుగు అటూ ఇటూ తేడా రాకుండా లెవెల్ పెట్టి చూడాలి. అసలే రెండడుగుల ఆట ఇది, అరడుగు తప్పు అంటే పావు వంతు తప్పు.

ప్లస్_ఫైవ్
జిరాయితీ భూమి ఉన్నవాళ్ళ సంగతి? ప్రభుత్వ భూమిలో గట్టు తీయడం ఒకటి, పట్టా ఉన్నవాడి పొలంలో ఇంకొకటి.

శీలావతి_కట్ల
అదీ అడగాల్సిన మాట. జిరాయితీ, డీ-పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి) వాళ్ళకి పరిహారం తేల్చకుండా కాంటూరు పాఠం చెబితే ఎవరు వింటారు?

కిక్కిస
ఇందులో మాత్రం మీవైపే. 2008లో అసెంబ్లీ మూడుకి కుదించమని తీర్మానం చేసింది, తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దంది. ఇన్నేళ్ళ తగువులో తేలనిది పట్టాదారుడి లెక్కే. సాగు చేసుకోనివ్వొచ్చు, చెరువు తవ్వనివ్వకూడదు. దాళ్వా (రెండో పంట) వరి కోసిన మడిలో కూడా జానెడు నీళ్ళు నిలిస్తే నత్తగుల్ల కొంగలు దిగుతాయి.

దుర్భిణి
జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌కి (నీటి పక్షుల లెక్కకి) వచ్చేవాళ్ళకి ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే మొదటి ఫొటో గొడవే లెక్కలోనూ వస్తుంది. తోడేసిన చెరువు కనబడితే దాన్ని విడిగా రాయండి, "నీళ్ళు తోడినది" అని. లేకపోతే ఒక గుంటలో వేలు, పక్క ఇరవై గుంటల్లో సున్నా అని వచ్చి సగటు తీసేవాడు చెరువులు భేష్ అంటాడు. పొద్దున్నే, ఎండ వీపు మీద ఉండేలా నిలబడండి. గుంపులో పదిని ఎంచి ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంటికి పట్టించుకుని దాన్నే జరుపుతూ పోండి. లేచిన గుంపుని లెక్కపెట్టి, అదే గుంపు వాలిన చోట మళ్ళీ లెక్కపెట్టకండి. పేజీలో ఒక గడి అదనంగా గీసి నీటి లోతు రాయండి: బురద, బెత్తెడు, జానెడు, మూరెడు, పైన.

బెత్తెడు_నీళ్ళు
నాకు గడి కేటాయించినందుకు ధన్యవాదాలు.

శీలావతి_కట్ల
సరే, పనికొచ్చేది ఒకటి అడుగుతా. అయిదో కాంటూరు బయట ఉన్న చెరువు, జనవరిలో పట్టుబడి. ఎలాగూ తోడతాం. కొన్ని రోజులు జానెడు నీళ్ళు అలాగే ఉంచితే పక్షులకి ఏమైనా ఒరుగుతుందా? నాకేం నష్టం?

బెత్తెడు_నీళ్ళు
ఒరుగుతుంది. అన్ని చెరువులూ ఒకేసారి తోడకుండా వారానికొకటి తోడండి. ఆఖరి జానెడు దగ్గర ఇంజను ఆపి రెండు వారాలు వదలండి. ఎండకి అదే తగ్గుతూ అంచు జరుగుతుంది. నత్త, కలుపు చేప కొంగలే ఏరేస్తాయి, ఇప్పచెక్క ఖర్చు కొంత కలిసొస్తుంది. ఆ రెండు వారాలు టపాకాయలు, కుక్కలు లేకుండా చూడాలి.

నల్లతుమ్మ
నష్టం కూడా చెప్పాలి. రెట్టతో పాటు నులిపురుగుల గుడ్లు పడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు చచ్చినప్పుడు బయటపడింది నులిపురుగులే, చేప ద్వారా ఎక్కేవి. కాబట్టి రెండు వారాలయ్యాక పూర్తిగా ఎండగట్టి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఆగి, ఎకరాకి 100 నుంచి 200 కిలోల సున్నం చల్లి అప్పుడు నీళ్ళు పెట్టండి. ఎండగట్టకుండా నీళ్ళు పెడితే పురుగు, పేను రెండూ చేపపిల్లకి.

శీలావతి_కట్ల
రెండు వారాలు + ఎండడానికి మూడు వారాలు. పంట నెల వెనకబడుతుంది.

గేజి_మనిషి
ఫిబ్రవరిలో ఎలాగూ కాలవ కట్టేస్తారేమోనని అందరూ ఒకేసారి నింపుకుంటారు, కొరత అక్కడే వస్తోంది. ఒక్క చెరువుతో మొదలుపెట్టండి, అన్నిటికంటే చిన్నదానితో. మధ్యలో వెదురు ఒకటి పాతి బెత్తెడు, జానెడు, మూరెడు దగ్గర మూడు రంగుల గుర్తులు పెట్టండి. రోజూ పొద్దున ఎక్కడుందో, ఏం దిగాయో ఇక్కడే రాయండి.

శీలావతి_కట్ల
ఎనిమిదెకరాలది ఉంది. సంక్రాంతి తర్వాత పట్టుబడి. వెదురు పాతిస్తా.

తాటిదోనె
రంగులు ఆయిల్ పెయింటువి వేయించండి. సున్నంతో గీస్తే మూడో రోజుకి నీటికాకి దాని మీదే కూర్చుని మొత్తం తెల్లగా చేసేస్తుంది, ఏ గుర్తు ఏదో తెలీదు.